దేవగిరి దిగి పాత బొంబాయి: ఒక్క రోజులో తిండి, కట్టడాలు, సినిమా జ్ఞాపకాలు

ధర్మాబాద్‌లోనో ఉమ్రీలోనో సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి బొంబాయి సీఎస్‌ఎమ్‌టీలో, అంటే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగుతారు. దెగలూర్, బిలోలి వాళ్ళు నాందేడ్ వచ్చి ఎక్కుతారు. రాత్రి మళ్ళీ అదే బండికి తిరుగు ప్రయాణం. మధ్యలో పన్నెండు పదమూడు గంటలు చేతిలో ఉంటాయి. లాడ్జి ఖర్చు లేకుండా పాత బొంబాయిని చూడడానికి ఆ మాత్రం చాలు. ఇరానీ హోటలు, చోర్ బజార్, రాతి కట్టడాలు, పాత సినిమా హాళ్ళు, సముద్రం అన్నీ దగ్గర దగ్గరే ఉన్నాయి. జుహూ, బాంద్రా, సిద్ధివినాయక్, ఎలిఫెంటా కూడా ఇదే రోజులో ఇరికిస్తే మాత్రం సగం పొద్దు ట్రాఫిక్‌లోనే పోతుంది. వాటికి ఇంకోసారి రండి. ఇక్కడ చెప్పేదంతా గ్రాంట్ రోడ్ నుంచి కిందికి, గేట్‌వే దాకా ఉన్న ముక్కే.

ఏ రోజు వెళ్ళాలి

రోజు సరిగ్గా ఎంచుకుంటే సగం పని అయినట్టే. సోమవారం మ్యూజియాలు చాలావరకు మూత, ఎలిఫెంటా గుహలూ మూత. శుక్రవారం చోర్ బజార్‌లో కొట్లు తెరవరు. ఆ రోజు తెల్లవారుజామున వీధిలో పరిచే జూనా బజార్ వేరు, అక్కడ పోస్టర్లూ రికార్డులూ వెతకడం దండగ. ఆదివారం లోకల్ బండ్లకు మెగాబ్లాక్ పెడతారు, అంటే పట్టాల మరమ్మతు కోసం కొన్ని బండ్లు ఆపేస్తారు, ఫోర్ట్‌లో కొట్లు కూడా సగం మూసి ఉంటాయి. మంగళ, బుధ, గురువారాలు బాగానే ఉంటాయి గాని పొద్దున లోకల్‌లో ఆఫీసుల రద్దీ. అన్నిటికంటే శనివారం మేలు. అంటే శుక్రవారం సాయంత్రం బండికి రిజర్వేషన్ చేసుకోవాలి, పోను రాను రెండూ ఒకేసారి. తిరుగు టికెట్ తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్ళే రాత్రి జనరల్ పెట్టెలో నిలబడి వస్తారు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నడవడానికి హాయి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వాన. ఆ నెలల్లో కాగితం పోస్టర్ కొని తడవకుండా ఊరికి చేర్చడం కష్టం.

సంచి ఒక్కటే, భుజానికి తగిలించుకునేది. పెద్ద బ్యాగు ఉంటే స్టేషన్ క్లోక్ రూంలో పెట్టొచ్చు, కానీ దానికి తాళం వేసి ఉండాలి, ప్రయాణం టికెట్ చూపించాలి. తాళం లేని జిప్పు బ్యాగుతో వెళ్తే వెనక్కి పంపిస్తారు. చెప్పులు నడకకు పనికొచ్చేవే వేసుకోండి. ఈ దారిలో మొత్తం ఏడెనిమిది కిలోమీటర్లు కాళ్ళ మీదే.

ఆటో కోసం చూడకండి

నాందేడ్‌లో స్టేషన్ బయటికి రాగానే ఆటో వెతుక్కునే అలవాటు మనది. దక్షిణ బొంబాయిలో ఆటోలే లేవు. బాంద్రా, సయన్ దాటి కిందికి వాటికి అనుమతి లేదు. కాలీ పీలీ (నలుపు పసుపు రంగు) టాక్సీ, బెస్ట్ అనే సిటీ బస్సు, లోకల్ బండి, కాళ్ళు, ఇవే దిక్కు. టాక్సీ మీటరు మీదే వెళ్ళాలి. స్టేషన్ గుమ్మంలో నిలబడి రేటు చెప్పేవాళ్ళను వదిలేసి రోడ్డు మీదికి వచ్చి నడుస్తున్న టాక్సీని ఆపండి. పాత సినిమాల్లో కనిపించే ప్రీమియర్ పద్మిని టాక్సీ ఇక దొరకదు. ఆఖరిది 2023 అక్టోబర్‌తో రోడ్డు దిగింది. డీజిల్ డబుల్ డెక్కర్ బస్సూ అదే ఏడాది సెప్టెంబర్‌లో వెళ్ళిపోయింది. వాటి బదులు ఎర్ర రంగు ఏసీ ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తిరుగుతున్నాయి. పై అంతస్తులో ముందు వరస సీటు దొరికితే వదలొద్దు.

లోకల్ ఎక్కేటప్పుడు బోర్డు మీద ఎస్ అక్షరం ఉంటే స్లో, ఎఫ్ ఉంటే ఫాస్ట్. ఈ తిరుగుడుకు స్లో బండే. పక్కన చారల గీతలు కొట్టి ఉన్నది ఫస్ట్ క్లాసు, సెకండ్ టికెట్‌తో అందులో కాలు పెడితే జరిమానా. ఆడవాళ్ళ పెట్టెలు వేరు, చూసి ఎక్కండి. ఎక్కేటప్పుడు సంచి వీపు మీద కాదు, పొట్ట మీదికి తిప్పుకోండి.

స్టేషన్‌నే ముందు చూడండి

చాలామంది దిగీ దిగగానే బయటికి పరుగెత్తుతారు. సీఎస్‌ఎమ్‌టీ భవనం స్వయంగా ప్రపంచ వారసత్వ కట్టడం, 2004లో యునెస్కో గుర్తించింది. 1878లో మొదలైన పని పూర్తవడానికి పదేళ్ళు పట్టింది. గీసింది ఎఫ్. డబ్ల్యూ. స్టీవెన్స్. దూరపు బండ్ల ప్లాట్‌ఫాం నుంచి తిన్నగా బయటపడితే ఈ ముఖం కనిపించదు. లోకల్ టికెట్లు అమ్మే పాత హాలు వైపు నడవండి. తల ఎత్తితే నీలం కప్పు మీద బంగారు చుక్కలు, దాన్నే స్టార్ చాంబర్ అంటారు. కిటికీ ముందు క్యూలో నిలబడి ఎవరూ పైకి చూడరు.

తర్వాత సబ్‌వేలోకి దిగి, మహాపాలిక (నగరపాలక సంస్థ) భవనం వైపు మెట్లు ఎక్కండి. సబ్‌వేకు నోళ్ళు చాలా ఉన్నాయి. గోడ మీద పేరు చదవకుండా ఎక్కితే ఎటో తేలతారు. అవతలి ఒడ్డున నిలబడితే భవనం మొత్తం కంటికి ఆనుతుంది. గేటు స్తంభాల మీద ఒక వైపు సింహం, ఇంకోవైపు పులి. సింహం బ్రిటన్‌కు, పులి భారతదేశానికి గుర్తు. గోడల మీది నెమళ్ళు, ఆకులు, కోతులు చెక్కడంలో జేజే ఆర్ట్ స్కూల్ విద్యార్థుల చేయి ఉంది. పొద్దున ఎనిమిదికి ముందైతే ట్రాఫిక్ తక్కువ, ఫోటోకు బస్సులు అడ్డం రావు.

పొద్దున చాయ్: ధోబీ తలావ్

ఆజాద్ మైదానం పక్కనుంచి మెట్రో సినిమా వైపు నడిస్తే కిలోమీటరు. మెట్రో ఎదురు వరసలో 1904 నాటి ఇరానీ హోటలు కయానీ ఉంది. గుండ్రటి వీపు కర్ర కుర్చీలు, గళ్ళ గుడ్డ పరిచిన బల్లలు, గాజు సీసాల్లో బిస్కెట్లు.

ఇక్కడ అడగాల్సినవి రెండు: బన్ మస్కా, బ్రున్ మస్కా. బన్ మెత్తన, కాస్త తీపి. బ్రున్ పైన గట్టిగా పెళపెళలాడుతుంది, లోపల మెత్తన. బ్రున్‌ను ఒట్టిగా కొరికితే అంగిలి గీరుకుపోతుంది. ముక్క తుంచి చాయ్‌లో రెండు మూడు క్షణాలు ముంచి తినాలి. ఇంకాస్త ఎక్కువ ఉంచితే ముక్క గ్లాసులోనే జారిపోతుంది. చాయ్ విషయంలో హైదరాబాద్ ఇరానీ రుచి ఆశించకండి. అక్కడ డికాక్షన్ దమ్ మీద వేరుగా, చిక్కగా మరిగిన పాలు వేరుగా. ఇక్కడ ఘాటుగా కావాలంటే ‘పానీ కమ్’ అనాలి, నీళ్ళు తగ్గించి చేస్తారు. మావా (కోవా) కేకు ఒకటి తినండి, రెండోది కట్టించుకోండి, రైల్లో పనికొస్తుంది. గుడ్డు తినేవాళ్ళు అకూరీ చెప్పొచ్చు, ఉల్లి, పచ్చిమిర్చి వేసిన పార్సీల గుడ్డు పొరటు. అంతటితో ఆపండి. పొద్దున్నే పొట్ట నింపితే మధ్యాహ్నం తినాల్సింది తినలేరు. నగదు చిల్లర దగ్గర ఉంచుకోండి.

లేచాక మెట్రో హాలు ముందు ఒక నిమిషం ఆగండి. 1938లో హాలీవుడ్ కంపెనీ ఎంజీఎం కట్టించింది, ఇప్పుడు మల్టీప్లెక్స్. అక్కడికి దగ్గర్లోనే లిబర్టీ. 1949లో తెరిచారు, స్వాతంత్ర్యం వచ్చిన ఊపులో పెట్టిన పేరు. ఆ నిలువు అక్షరాల బోర్డు, మూల మలుపు చూస్తే ఆర్ట్ డెకో అనే ఆ కాలపు కట్టడాల తీరు ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

చోర్ బజార్: పోస్టర్లు, రికార్డులు

మెరీన్ లైన్స్‌లో స్లో లోకల్ ఎక్కితే రెండో స్టేషన్ గ్రాంట్ రోడ్. తూర్పు వైపు దిగి మౌలానా షౌకత్ అలీ రోడ్డు పట్టుకుని పావుగంట పైన నడక. దారిలో ఎడమ చేతి వైపు ఉన్నది కామాఠీపుర. తెలుగు నేల నుంచి వలస వచ్చి ఈ నగరపు రాళ్ళు మోసిన కూలీలను కామాఠీలు అనేవారు, ఆ పేరే పేటకు నిలిచింది. ఇప్పుడు ఆ పేరు చెప్పగానే జనానికి ఇంకేదో గుర్తొస్తుంది గాని, మనవాళ్ళ చెమట అక్కడ ఉంది. అది తెలిసి నడవండి.

పాత వస్తువుల కొట్లు మటన్ స్ట్రీట్‌లో ఉంటాయి. పదకొండుకు ముందు వెళ్తే షట్టర్లు ఇంకా దించే ఉంటాయి. మొదట ఏమీ కొనకుండా వీధి చివరిదాకా ఒక చుట్టు నడవండి. అదే వస్తువు మూడు కొట్లలో కనిపిస్తే అది పాతది కాదు, కొత్తగా చేసి దించినదని తెలిసిపోతుంది.

సినిమా పోస్టర్ అసలుదా నకలా అనేది ఇలా చూడాలి. అసలు పోస్టర్ సుమారు 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్లు మడత పెట్టే పంపేవారు కాబట్టి మడతలు ఉండాలి. మడతలు కలిసే చోట కాగితం నార లేచి తెల్లబడి ఉంటుంది, అంచులు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పసుపెక్కి ఉంటాయి. రెండు వైపులా ఒకే తీరుగా గోధుమ రంగు ఉంటే చాయ్ నీళ్ళలో ముంచారన్నమాట. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు కింది అంచులో ఉంటుంది. అక్కడ చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు వేసేవారు. అసలుదాంట్లో ఆ అక్షరాలు సూదిమొనలా స్పష్టంగా ఉంటాయి. ఫోటో తీసి మళ్ళీ అచ్చేసినదాంట్లో అలుక్కుపోతాయి. చిన్న భూతద్దం పట్టుకెళ్ళండి. ఆఫ్‌సెట్ అచ్చులో రంగు చుక్కలు పువ్వులా వరసగా కనిపిస్తాయి, ఇంక్‌జెట్‌లో చల్లినట్టు చెదిరి ఉంటాయి. నకలు కొనడం తప్పేమీ కాదు, గోడకు అదీ బాగుంటుంది. నకలుకు నకలు ధరే ఇవ్వండి.

పోస్టర్ ఖరీదైనదనిపిస్తే పాటల పుస్తకాలు, లాబీ కార్డులు (హాలు లోపల పెట్టే సినిమా ఫోటో కార్డులు) అడగండి. పాటల పుస్తకాలు మన టాకీసుల బయట అమ్మిన నాలుగు పేజీల వాటి లాంటివే. తక్కువలో వస్తాయి, సంచిలో పడతాయి. పాత కాగితాన్ని గట్టిగా చుడితే పగులుతుంది, రెండు అట్టల మధ్య పెట్టి తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక చిరుగుకు సెల్లోటేప్ అంటించొద్దు, జిగురు పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు.

రికార్డుల్లో మూడు రకాలు. 78 స్పీడుది లక్కతో చేసినది, పది అంగుళాలు, బరువు, పక్కకు మూడు నిమిషాల పాట. చేయి జారితే పెంకులా పగులుతుంది. ఏడు అంగుళాల ఈపీ, పన్నెండు అంగుళాల ఎల్పీ వినైల్‌వి. ఇంట్లో ఉన్నది మామూలు ఎల్పీ ప్లేయర్ అయితే 78 కొనొద్దు. వాటి గాడి వెడల్పు, సూది వేరే కావాలి. కొనే ముందు నాలుగు పనులు చేయండి. కవర్‌లోంచి తీసి లేబుల్ మీద పేరు, కవర్ మీద పేరు ఒకటేనా చూడండి, తారుమారు చాలా ఎక్కువ. వెలుతురుకు ఏటవాలుగా తిప్పండి, పైపైన గీతలు పర్వాలేదు, గోరుకు తగిలే గీత ఉంటే పాట దాటుకుంటూ పోతుంది. కంటి ఎత్తుకు అడ్డంగా పట్టుకుని వంకర ఉందేమో చూడండి. చివరగా, వేసి వినిపించమని అడగండి, ప్లేయర్ ఉన్న కొట్లో కాదనరు. లేబుల్ మీద డమ్‌డమ్ అని ఉంటే కలకత్తా పక్కన హెచ్‌ఎమ్‌వీ రికార్డుల కంపెనీ ఫ్యాక్టరీలో అచ్చయినది. హిందీ దొంతరల్లో తెలుగు రికార్డు దానంతట అది కనబడదు, ‘మద్రాసీ’ కుప్ప ఏదైనా ఉందా అని అడగండి. తమిళం, మలయాళం మధ్య మనవి ఇరుక్కుని ఉండొచ్చు. లేబుల్ మీద అక్షరాలు చదవడం రాని కొట్టువాడికి ఆ తేడా తెలియదు.

రికార్డులు ఎప్పుడూ నిలువుగా పట్టుకోవాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, పైన బ్యాగు పెట్టి, ఎండ పడే కిటికీ పక్కన వదిలితే నాందేడ్ వచ్చేసరికి అప్పడంలా వంగుతాయి.

మెరిసే ఇత్తడి గొట్టం గ్రామఫోన్ జోలికి వెళ్ళకండి. చాలావరకు పాత పోర్టబుల్ పెట్టెలోని మోటారు తీసి, కొత్త చెక్కపెట్టెలో బిగించి, కొత్త గొట్టం తగిలించి, కుక్క బొమ్మ అంటించినవే. అలంకారానికి సరే, పాట మీద ఆశ పెట్టుకోవద్దు.

బేరం మర్యాదగా చేయండి. ‘చచా’ అని పిలిచి, చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టి, రెండు మూడు కలిపి తీసుకుంటానంటే దిగుతారు. నచ్చిందని ముఖంలో కనిపిస్తే మాత్రం దిగరు.

మధ్యాహ్నం

ఒంటిగంట లోపు టాక్సీలో బల్లార్డ్ ఎస్టేట్‌కు రండి. 1923లో పెట్టిన ఇరానీ హోటలు బ్రిటానియా అక్కడే. మధ్యాహ్న భోజనం ఒక్కటే, సాయంత్రానికి మూసేస్తారు. మూడు దాటి వచ్చి తలుపు తట్టి లాభం లేదు. బెర్రీ పులావ్ చెప్పండి. బిర్యానీ కారానికి అలవాటుపడ్డ నోటికి మొదటి ముద్ద చప్పగా ఉంటుంది. అన్నం మీద ఎర్రటి చిన్న పండ్లు ఉంటాయి, ఇరాన్‌లో వాడే జరిష్క్. అది పంటి కింద పడ్డప్పుడు వచ్చే పులుపుతో అన్నం, కింద దాగిన మసాలా ముక్క కలిపి తింటే రుచి తెలుస్తుంది. పై అన్నం ఒక్కటీ తిని బాలేదనడం అన్యాయం. శాకాహారులకూ చేస్తారు. ధర ఎక్కువే, ప్లేటూ పెద్దదే. ఇద్దరు ఒకటి పంచుకుని చివర కారమెల్ కస్టర్డ్ తినొచ్చు.

మిసళ్, సాబుదానా వడ కోసం ఇక్కడ పూట ఖర్చు చేయొద్దు. నాందేడ్‌లోనూ మంచివే దొరుకుతాయి.

సినిమా పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా

ఎండ కాస్త తగ్గాక కాలా ఘోడా చేరండి. అక్కడ ఇనుప చట్రం మీద నిలిచిన పాత భవనం ఎస్‌ప్లనేడ్ మాన్షన్, ఒకప్పటి వాట్సన్ హోటల్. 1896 జూలై 7న లుమియేర్ సోదరుల బొమ్మలు మన దేశంలో మొదటిసారి తెర మీద కదిలింది ఇందులోనే, టికెట్ ఒక రూపాయి. మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా బొంబాయి బిడ్డే. అర్దేషిర్ ఇరానీ సంస్థ తీసింది, హెచ్. ఎం. రెడ్డి దర్శకుడు, సురభి కళాకారులు నటించారు. 1932 ఫిబ్రవరి 6న మొదట విడుదలైంది ఈ ఊళ్ళోనే, కృష్ణా టాకీసులో. హైదరాబాద్, మద్రాసుల కంటే ముందు తెలుగు మాట తెర మీద వినిపించిన నగరం ఇది.

అక్కడినుంచి పది నిమిషాల్లో 1933 నాటి రీగల్, దాన్ని దాటితే గేట్‌వే. 1911లో బ్రిటన్ రాజు ఐదో జార్జ్ వచ్చిన గుర్తుకు కట్టాలనుకున్నారు. 1924 డిసెంబర్ 4న తెరిచారు. 1948 ఫిబ్రవరి 28న ఆఖరి బ్రిటిష్ దళం ఓడెక్కింది ఈ కమాను కిందనుంచే. అరగంట చాలు. ఫోటో తీస్తామని వెంటపడేవాళ్ళతో ధర ముందు తేల్చుకోండి, ఎన్ని ఫోటోలన్నది కూడా.

ఓవల్ మైదానం మాత్రం తప్పకూడదు. నడి మైదానంలో నిలబడి తూర్పుకు తిరిగితే హైకోర్టు, యూనివర్సిటీ, రాజాబాయి గడియార స్తంభం, అన్నీ కోసుగా పైకి లేచిన గోథిక్ రాళ్ళు. పడమటికి తిరిగితే గుండ్రటి మూలల, అడ్డగీతల ఆర్ట్ డెకో ఇళ్ళు. అరవై ఏళ్ళ తేడా ఉన్న రెండు కాలాలు ఒక క్రికెట్ పిచ్‌కు రెండు వైపులా నిలబడ్డాయి. ఈ రెండు వరసలనూ కలిపి 2018లో యునెస్కో గుర్తించింది. కిటికీల పైన కనుబొమల్లా సాగిన సన్నని ఛజ్జాలు, ఓడ కిటికీల్లాంటి గుండ్రటి రంధ్రాలు, మూడేసి గీతలు, ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే తర్వాత మెరీన్ డ్రైవ్ పొడవునా మీరే పోల్చుకుంటారు.

చర్చ్‌గేట్ దగ్గర కె. రుస్తుంలో రెండు వేఫర్ల మధ్య ఐస్‌క్రీం దిమ్మ పెట్టిస్తారు. 1953 నుంచి అదే తీరు. చుట్టూ తిప్పుతూ అంచులు తింటూ రావాలి, ఒకవైపు కొరికితే రెండోవైపు జారిపోతుంది. అది చేతిలో పట్టుకుని మెరీన్ డ్రైవ్ గట్టు మీద సూర్యుడు మునిగే అరగంట ముందు కూర్చోండి.

రాత్రి, బండికి ముందు

స్టేషన్ ఎదురుగానే రెండు దారులు. మహాపాలిక వైపు కెనన్ పావ్‌భాజీ, కాపిటల్ భవనంలో ఆరామ్ వడపావ్. రెండూ తింటే రాత్రంతా బెర్తు మీద దొర్లడమే, ఒకటి ఎంచుకోండి.

వడపావ్ దాదర్ స్టేషన్ బయట 1966 ప్రాంతంలో పుట్టిందని చెబుతారు. మంచిదాని గుర్తు: వడ అప్పుడే నూనెలోంచి తీసినది, శెనగపిండి పూత పల్చన, లోపల ఆలుగడ్డ పూర్తిగా ముద్ద కాకుండా చిన్న పలుకులు తగులుతూ, వెల్లుల్లి పచ్చిమిర్చి దంచి వేసినది. పావ్ ఆనాటిదే అయి ఉండాలి. నొక్కితే మళ్ళీ లేస్తే తాజాది, వేలిముద్ర నిలిచిపోతే నిన్నటిది. ఎండుకొబ్బరి, వెల్లుల్లి, ఎండుమిర్చి పొడి చట్నీ ఎక్కువ వేయమనండి, పచ్చి చట్నీ తక్కువ. తడి ఎక్కువైతే పావ్ నాని చేతిలోనే విడిపోతుంది. పక్కన ఇచ్చే మిర్చి మన బజ్జీలా పిండిలో ముంచినది కాదు, ఒట్టిగా వేయించి ఉప్పు చల్లినది. ధర్మాబాద్ మిర్చి తిన్న నోరైనా చిన్న ముక్కతో మొదలుపెట్టండి. బండిలో తిందామని కట్టించుకోవద్దు. ఆవిరికి పది నిమిషాల్లో పూత మెత్తబడి పోతుంది.

పావ్‌భాజీ అయితే ‘బటర్ కమ్’ అనకపోతే వెన్న తేలుతుంది.

రెండో రోజు ఉన్నవాళ్ళు పెడ్డర్ రోడ్‌లోని జాతీయ సినిమా మ్యూజియంకు పదకొండుకు వెళ్ళి రెండు మూడు గంటలు కేటాయించాలి. లేదంటే ముంబై సెంట్రల్ ఎదురుగా ఉన్న మరాఠా మందిర్‌లో పొద్దున పదకొండున్నర ఆట. 1995లో వచ్చిన ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ దశాబ్దాలుగా అక్కడ ఆడుతూనే ఉంది. సినిమా మూడు గంటలపైనే, కాబట్టి రెండూ ఒకే పగటిలో కుదరవు. మాటలన్నీ నోటికొచ్చిన జనం మధ్య చూడడం కోసమే ఆ హాలుకు వెళ్ళాలి.

తిరుగు బండికి ముప్పావుగంట ముందే క్లోక్ రూం దగ్గర ఉండండి, అక్కడా క్యూ ఉంటుంది. సీఎస్‌ఎమ్‌టీలో 1 నుంచి 7 ప్లాట్‌ఫాంలు లోకల్ బండ్లవి, దూరపు బండ్లన్నీ 8 నుంచి 18 వైపు. ముందు ముఖం నుంచి చివరి ప్లాట్‌ఫాంలో మీ పెట్టె దాకా నడవడానికే పదిహేను నిమిషాలు పడుతుంది, చేతిలో నిలువుగా పట్టుకున్న రికార్డులుంటే ఇంకో ఐదు కలుపుకోండి.